వెబ్‌పేజీలో పదాలు వాటంతటవే విరిగేలా చేయడం: సీఎస్ఎస్ హైఫనేషన్‌పై సమగ్ర మార్గదర్శి

ఫోన్ తెర మీద తెలుగు వ్యాసం తెరిస్తే కుడి అంచు తరచూ ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒక లైనులో మూడు పదాలు ఉంటే దాని కింద ఒక్కటే పదం, పక్కనంతా ఖాళీ. అంచులు సమంగా ఉండాలని జస్టిఫై పెడితే ఆ ఖాళీ పదాల మధ్యకు చేరి పేరా నిండా గండ్లు పడతాయి. కారణం ఒక్కటే. ఖాళీ ఉన్నచోట తప్ప బ్రౌజర్ లైను తెంపదు. మన భాషలోనేమో "ప్రారంభించాలనుకుంటున్నవారికి" అనేది ఒకే పదం. ఇరుకు తెర మీద అది ఒక్కటే లైనంతా ఆక్రమిస్తుంది, ఒక్కోసారి తెర దాటి బయటికీ పోతుంది.

దీనికి సీఎస్ఎస్‌లో, అంటే పేజీ రూపురేఖలను నిర్ణయించే భాషలో, ఉన్న మందు హైఫెన్స్ అనే ప్రాపర్టీ. రాయాల్సింది ఒక్క లైనే. అయినా ఆ లైను రాసి, ఏమీ మారలేదని వదిలేసేవాళ్లు చాలామంది. అది పనిచేయకపోతే దాదాపు ప్రతిసారీ తప్పు సీఎస్ఎస్‌లో ఉండదు, పేజీలోని పాఠాన్ని ట్యాగులతో రాసే హెచ్‌టీఎంఎల్‌లో భాష చెప్పకపోవడంలో ఉంటుంది. అందుకే ముందు భాష సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే స్టైల్‌షీట్ జోలికి వెళ్లాలి.

ఈ మార్గదర్శిలో ట్యాగులు, ప్రాపర్టీలు, విలువల పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి. కోడ్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో, ఇక్కడ అడ్డగీత ఉన్నచోట అడ్డగీతతో టైప్ చేయాలి.

1. భాష చెప్పడం

పదాన్ని ఎక్కడ విరవాలన్నది భాషను బట్టి మారుతుంది. బ్రౌజర్ దగ్గర ఒక్కో భాషకు ఒక్కో విరుపు నియమాల ఫైలు ఉంటుంది. పేజీ ఏ భాషలో ఉందో అక్షరాలను చూసి బ్రౌజర్ ఊహించుకోదు. లాంగ్ అనే లక్షణంలో మీరు రాసినదాన్నే నమ్ముతుంది. అది లేకపోతే ఏ ఫైలు తెరవాలో తెలియక ఊరుకుంటుంది.

<హెచ్‌టీఎంఎల్ లాంగ్="టీఈ">

తెలుగు కోడ్ టీ, ఈ అనే రెండక్షరాలు. వెనకాల దేశం కోడ్ చేర్చినా ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా రెడీమేడ్ థీమ్‌లతోనూ టెంప్లేట్లతోనూ వస్తుంది. వాటిలో చాలావరకు ఈ విలువ ఇంగ్లిష్ కోడ్‌తో నింపేసి ఉంటుంది. పేజీలో ఒక్క ఇంగ్లిష్ మాట లేకపోయినా బ్రౌజర్ ఇంగ్లిష్ ఫైలు తెరుస్తుంది. అందులో తెలుగు అక్షరాలకు నియమాలుండవు కాబట్టి ఏ పదమూ విరగదు. ఎర్రర్ కూడా రాదు. అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

రెండు భాషలు కలిసిన పేజీలో ఆ భాగానికి ఆ భాష విడిగా చెప్పాలి. తెలుగు పేరాలో ఇంగ్లిష్ లిపిలో ఉన్న వాక్యాన్ని స్పాన్ ట్యాగులో పెట్టి దానికి ఇంగ్లిష్ కోడ్ ఇవ్వండి. తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన పాఠం ఉంటే దానికి ఇంగ్లిష్ కోడ్ ఇవ్వకూడదు, ఇస్తే ఇంగ్లిష్ నియమాలతో అడ్డదిడ్డంగా విరుగుతుంది. తెలుగు కోడ్ వెనక అడ్డగీత పెట్టి లాటిన్ లిపిని సూచించే ఎల్ఏటీఎన్ చేర్చండి, ఆ భాగానికి హైఫనేషన్ ఆపేయండి.

సరిచూడటానికి బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో ఒక పేరాను ఎంచుకుని, అక్కడి నుంచి పైకి వెళ్తూ మొదట ఎదురయ్యే లాంగ్ విలువ ఏమిటో చూడండి. ఆ పేరాకు వర్తించేది అదే. పైన హెచ్‌టీఎంఎల్ ట్యాగులో సరిగ్గా ఉండి, మధ్యలో ఏదో ఒక డివ్‌లో ప్లగిన్ వేరే విలువ పెట్టి ఉండటం కూడా మామూలే.

2. మూల నియమం

ఆర్టికల్ పి {
  -వెబ్‌కిట్-హైఫెన్స్: ఆటో;
  హైఫెన్స్: ఆటో;
  ఓవర్‌ఫ్లో-ర్యాప్: బ్రేక్-వర్డ్;
}

సఫారీ 17కు ముందు వెర్షన్లకు వెబ్‌కిట్ ఉపసర్గ ఉన్న లైను కావాలి. పాత ఐఫోన్లు ఇంకా వాడుకలో ఉన్నాయి కాబట్టి దాన్ని తీసేయకండి. ఫైర్‌ఫాక్స్ 43 నుంచి ఉపసర్గ అక్కర్లేదు. క్రోమ్‌లో ఆండ్రాయిడ్, మ్యాక్‌లకు 55వ వెర్షన్‌తోనూ, విండోస్, లినక్స్‌లకు 88వ వెర్షన్‌తోనూ ఈ సదుపాయం వచ్చింది.

ఈ ప్రాపర్టీకి మూడు విలువలు. నన్ అంటే పదం ఎక్కడా విరగదు, మీరు చేత్తో పెట్టిన సాఫ్ట్ హైఫెన్‌ను (ఇక్కడ విరవచ్చని చెప్పే కనిపించని గుర్తు, వివరం 6వ అంచెలో) కూడా పట్టించుకోదు. మాన్యువల్ అంటే సాఫ్ట్ హైఫెన్ ఉన్నచోట మాత్రమే విరుగుతుంది. మీరు ఏమీ రాయకపోతే అమల్లో ఉండేది ఇదే. ఆటో అంటే బ్రౌజరే చోటు వెతుక్కుంటుంది. ఇది లోపలి ఎలిమెంట్లకు వారసత్వంగా వెళ్తుంది కాబట్టి బాడీకి పెట్టేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. అలా పెట్టకండి. మెనూలు, బటన్లు, శీర్షికలు అన్నీ విరగడం మొదలవుతాయి. వ్యాసం పేరాలకు, జాబితాల్లోని అంశాలకు పెడితే చాలు.

వెడల్పాటి తెర మీద ఎడమకు సర్దిన తెలుగు పాఠానికి హైఫనేషన్ అవసరం తక్కువ. లైనులో చోటు బాగా ఉన్నప్పుడు పదాలు విరగకపోవడమే చదవడానికి హాయి. అందుకని ఈ నియమాన్ని 600 పిక్సెళ్ల లోపు వెడల్పుకు పరిమితం చేయడం మంచి పద్ధతి. జస్టిఫై చేసిన పాఠమైతే మాత్రం ఏ వెడల్పులోనైనా హైఫనేషన్ ఉండి తీరాలి. అది లేని జస్టిఫై తెలుగులో చూడటానికే బాగుండదు. వెడల్పును సీహెచ్ యూనిట్‌తో కొలవకండి, అది ఆ ఫాంటులోని సున్నా అంకె వెడల్పు. తెలుగు అక్షరాల వెడల్పుతో దానికి సంబంధం లేదు. ఫాంటు పరిమాణాన్ని బట్టి మారే ఈఎం యూనిట్ మేలు.

3. బ్రౌజర్ చోటు ఎలా ఎంచుకుంటుంది

ఇది తెలిస్తే తర్వాతి సర్దుబాట్లన్నీ తేలికవుతాయి. బ్రౌజర్లలోని విరుపు నియమాల్లో ఎక్కువ భాగం ఫ్రాంక్ లియాంగ్ 1983లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ సిద్ధాంతవ్యాసంగా సమర్పించిన పద్ధతి మీద నడుస్తాయి. టెక్ అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్ కోసం పుట్టిన పద్ధతి అది. అందులో పదాల జాబితా ఉండదు, చిన్న చిన్న అక్షర నమూనాలు ఉంటాయి. నమూనాలో అక్షరాల మధ్య అంకెలు ఉంటాయి. బేసి అంకె ఉంటే అక్కడ విరవచ్చు, సరి అంకె ఉంటే విరవకూడదు. ఒకే చోట రెండు నమూనాలు తగిలితే పెద్ద అంకెదే పైచేయి.

తెలుగు నమూనాలను సంతోష్ తొట్టింగల్ మరికొన్ని భారతీయ భాషల నమూనాలతో పాటు రూపొందించారు. ఇంగ్లిష్ నమూనాలను నిఘంటువు నుంచి లెక్కకట్టి తీశారు. మన నమూనాలు లిపి స్వభావం మీద ఆధారపడ్డాయి. ప్రతి హల్లుకూ ముందు 1 ఉంటుంది, అంటే అక్కడ విరవచ్చు. పొల్లుకు రెండు వైపులా 2 ఉంటుంది, అంటే అక్కడ విరవకూడదు.

"ప్రయత్నించినప్పుడు" అనే పదాన్ని తీసుకుందాం. "త్ని"లో న అనే హల్లు ముందు 1 పడుతుంది. కానీ అదే చోట త కింది పొల్లు తర్వాత 2 పడుతుంది. 2 పెద్దది కాబట్టి ఒత్తు విడిపోదు. నిండు సున్నాకు ముందు కూడా విరుపు ఉండదు కాబట్టి "త్నిం" ఒక ముక్కగానే ఉంటుంది. చివరికి మిగిలే చోట్లు ఇవి: ప్ర-య-త్నిం-చి-న-ప్పు-డు. ఒత్తు చిట్లదు, గుణింతం వేరుపడదు. తెలుగు చదివేవాడి కంటికి ఇది సహజంగానే ఉంటుంది.

కానీ నియమాలకు అర్థం తెలియదు. "రాజకీయనాయకుడు" అనే సమాసం "రాజకీయనా-యకుడు" అని విరిగినా వాటి దృష్టిలో తప్పు లేదు. దీన్ని ఎలా సరిదిద్దాలో 6వ అంచెలో ఉంది.

ఇంగ్లిష్ పాఠంలో ఇంకో చిక్కుంది. పెద్దక్షరంతో మొదలయ్యే ఇంగ్లిష్ పదాలను పేర్లుగా భావించి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ విరవవు. ప్రతి పదం పెద్దక్షరంతో రాసిన శీర్షిక మీద పరీక్షించి హైఫనేషన్ పనిచేయడం లేదని తేల్చేయడం తరచూ జరిగే పొరపాటు. చిన్నక్షరాల్లో ఉన్న పొడవాటి పదంతో పరీక్షించాలి.

4. చివర ఒక్క అక్షరం మిగలకుండా

ఆటో పెట్టగానే ఎదురయ్యే మొదటి వికారం ఇది: "ప్రయత్నించినప్పు-" అని లైను ముగిసి, కింది లైను "డు"తో మొదలవుతుంది. దీన్ని ఆపడానికి హైఫెనేట్-లిమిట్-చార్స్ అనే ప్రాపర్టీ ఉంది. దానికి మూడు అంకెలు ఇవ్వాలి. మొదటిది, పదంలో కనీసం ఎన్ని అక్షరాలుంటేనే విరవాలి. రెండోది, విరుపుకు ముందు కనీసం ఎన్ని ఉండాలి. మూడోది, విరుపు తర్వాత కనీసం ఎన్ని ఉండాలి.

హైఫెనేట్-లిమిట్-చార్స్: 8 4 4;

ఏమీ చెప్పకపోతే బ్రౌజర్ తనకు తోచిన విలువలు తీసుకుంటుంది. సీఎస్ఎస్ ప్రమాణం సూచించేవి 5, 2, 2. అవి ఇంగ్లిష్ లాంటి లిపులకు సరిపోతాయి కానీ మనకు చాలవు. మనం అక్షరం అనుకునేదీ బ్రౌజర్ లెక్కపెట్టేదీ ఒకటి కావు. యూనికోడ్‌లో "డు" అంటే డ, కొమ్ము అనే రెండు సంకేతాలు. "ప్ర" అంటే ప, పొల్లు, ర అనే మూడు. అందుకే 2 అనే పరిమితిని "డు" ఒంటరిగానే దాటేస్తుంది. 4 పెడితే "డు", "ప్ర" రెండూ ఒంటరిగా మిగలవు. ప్రమాణం ప్రకారం వెడల్పు లేని గుర్తులు లెక్కలోకి రాకూడదు. తెలుగు గుణింతపు గుర్తుల్లో కొన్ని ఆ తరగతిలోవి, కొన్ని కావు. కాబట్టి 4 అన్నదాన్ని మొదటి అంచనాగా తీసుకుని, మీ సొంత పాఠం మీద తెర వెడల్పు మారుస్తూ చూసి, అవసరమైతే ఒకటి అటూ ఇటూ జరపండి. మరీ పెంచితే విరిగే చోట్లే మిగలవు, మళ్లీ ఖాళీలు మొదలవుతాయి.

ఈ ప్రాపర్టీ క్రోమ్‌లో 109 నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 137 నుంచి పనిచేస్తుంది. సఫారీ దీన్ని చదవదు. దాని కోసం వెబ్‌కిట్ ఉపసర్గతో హైఫెనేట్-లిమిట్-బిఫోర్, హైఫెనేట్-లిమిట్-ఆఫ్టర్ అనే రెండు విడి లైన్లు రాయాలి. వరసగా ఎన్ని లైన్ల చివర గీత రావచ్చో చెప్పే హైఫెనేట్-లిమిట్-లైన్స్ కూడా సఫారీలో ఉపసర్గతోనే పలుకుతుంది. వరసగా రెండు దాటకుండా చూడటం మంచిది.

5. గీత ఉండాలా, వద్దా

విరిగిన చోట బ్రౌజర్ ఒక చిన్న గీత గీస్తుంది. ఫాంటులో అసలు హైఫెన్ గుర్తు ఉంటే అదే వాడుతుంది, లేకపోతే కీబోర్డు మీద ఉండే మామూలు అడ్డగీత వేస్తుంది. హైఫెనేట్-క్యారెక్టర్ అనే ప్రాపర్టీతో ఈ గుర్తును మార్చుకోవచ్చు. విలువగా మధ్యలో ఏమీ లేని జంట కోట్స్ ఇస్తే గీత పూర్తిగా పోతుంది, పదం మాత్రం విరుగుతుంది.

తెలుగులో గీత లేకుండా విరవడం చదవడానికి అంత కష్టం కాదు, ఎందుకంటే ప్రతి ముక్కా పూర్తి అక్షరంతో ముగుస్తుంది. అయినా గీత ఉంచడమే సరైనదని నా అభిప్రాయం. గీత లేకపోతే "రాజకీయ" దగ్గర లైను ఆగినప్పుడు అక్కడితో పదం అయిపోయిందో లేదో కింది లైను చదివాకే తెలుస్తుంది. చదువరిని ఒక్క క్షణం కూడా అలా వెనక్కి లాగకూడదు. ఈ ప్రాపర్టీ ఫైర్‌ఫాక్స్ 98, క్రోమ్ 106, సఫారీ 17 నుంచి ఉంది.

6. చేత్తో పెట్టే సాఫ్ట్ హైఫెన్

నియమాలు తప్పు చోట విరిచే పదాలకు, సమాసాలకు, పొడవాటి ఊరి పేర్లకు సాఫ్ట్ హైఫెన్ వాడాలి. ఇది యూనికోడ్‌లో 00ఏడీ సంఖ్య గల కనిపించని గుర్తు. హెచ్‌టీఎంఎల్‌లో యాంపర్‌సాండ్, ఎస్, హెచ్, వై, సెమీకోలన్ వరసగా టైప్ చేస్తే వస్తుంది. లైను చివర పడితేనే గీతగా కనిపిస్తుంది, లేకపోతే లేనట్టే ఉంటుంది. "రాజకీయ"కు, "నాయకుడు"కు మధ్య దీన్ని పెడితే పదం అక్కడే విరుగుతుంది.

ఇక్కడ ఒక నియమం గుర్తుంచుకోవాలి. ఆటో అమల్లో ఉన్నప్పుడు కూడా, ఒక పదంలో సాఫ్ట్ హైఫెన్ కనిపిస్తే ఆ పదంలో దానికే ప్రాధాన్యం. బ్రౌజర్ సొంతంగా కనిపెట్టిన చోట్లు వెనక్కి పోతాయి. కాబట్టి చాలా పొడవైన పదంలో ఒక్కచోటే పెట్టి వదిలేస్తే మిగతా ముక్క ఇరుకు తెరలో పట్టకపోవచ్చు. పెడితే అవసరమైన చోట్లన్నిటా పెట్టండి.

దీనికి మూల్యం కూడా ఉంది. పాఠాన్ని కాపీ చేస్తే ఆ కనిపించని గుర్తు వెంట వెళ్తుంది. మీ సైటు సొంత వెతుకులాట ఆ గుర్తును తొలగించకుండా సూచిక తయారు చేస్తే "రాజకీయనాయకుడు" అని వెతికినవాళ్లకు ఆ వ్యాసం దొరకదు. కొన్ని స్క్రీన్ రీడర్లు అక్కడ పదాన్ని రెండుగా పలకవచ్చు. అందుకే వెతికే చోట, డేటాబేస్‌లో ఉన్న మూల పాఠంలో వీటిని ఉంచకుండా పేజీ తయారయ్యేటప్పుడు చేర్చడం ఉత్తమం.

వెబ్ చిరునామాలకు, ఫైలు పేర్లకు సాఫ్ట్ హైఫెన్ అసలు వాడకండి. లైను చివర వచ్చిన గీత చిరునామాలో భాగమేనని చదువరి అనుకుంటాడు. వాటికి డబ్ల్యూబీఆర్ ట్యాగు ఉంది, అది గీత గీయకుండా లైను తెంపుకునే వీలు మాత్రమే ఇస్తుంది.

7. విరగకూడనివి, చివరి ఆసరా

శీర్షికలు, బటన్లు, ఫారం లేబుళ్లు, కోడ్, పద్యాలు, మనుషుల పేర్లు విరగకూడదు. వీటికి హైఫెన్స్ విలువ నన్ ఇవ్వండి. ఇరుకు తెరలో శీర్షికలో ఒక పదం పట్టకపోతే ఫాంటు పరిమాణం తగ్గించడమో, శీర్షికకు మాత్రం మాన్యువల్ ఇచ్చి ఒకటి రెండు సాఫ్ట్ హైఫెన్లు పెట్టడమో చేయాలి.

హైఫనేషన్ కూడా ఆదుకోలేని సందర్భానికి ఓవర్‌ఫ్లో-ర్యాప్ ఉంది. ఇది వేరే దారి ఏదీ లేనప్పుడే పదాన్ని తెంపుతుంది, గీత పెట్టదు. ముందు హైఫనేషన్ ప్రయత్నం జరుగుతుంది కాబట్టి రెండూ కలిసి ఉన్నా గొడవ లేదు. పేరా ఒక ఫ్లెక్స్ లేదా గ్రిడ్ గడిలో ఉండి ఆ గడి తెర బయటికి సాగుతుంటే బ్రేక్-వర్డ్ సరిపోదు. గడి కనీస వెడల్పు లెక్కలో దానికి చోటు లేదు. ఎనీవేర్ అనే విలువ ఇవ్వండి, లేదా ఆ గడికి మిన్-విడ్త్ సున్నా చేయండి.

వర్డ్-బ్రేక్‌కు బ్రేక్-ఆల్ అని పెట్టమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. తెలుగుకు అది పనికిరాదు. అది పెట్టగానే హైఫనేషన్ ఆగిపోతుంది. పైగా "స్త్రీ" లాంటి అక్షరం నడిమికి విరిగి, పైలైనులో "స్" మిగిలి కింది లైనులో "త్రీ" రావచ్చు. పట్టికల గడుల్లోనూ ఆటోను జాగ్రత్తగా వాడాలి. విరిగే వీలు దొరికితే గడి వెడల్పు కుంచించుకుపోయి, నిలువునా రెండక్షరాల లైన్లు పేరుకోవచ్చు. అలా అయితే ఆ గడికి ఈఎంలలో కనీస వెడల్పు ఇవ్వండి.

8. పనిచేస్తోందో లేదో తేల్చుకోవడం

సీఎస్ఎస్‌లోని సపోర్ట్స్ షరతుతో హైఫెన్స్ ఆటో ఉందా అని అడిగితే వచ్చే జవాబు సగమే నిజం. బ్రౌజర్‌కు ఆ ప్రాపర్టీ తెలుసని మాత్రమే అది చెబుతుంది. తెలుగు నియమాల ఫైలు ఉందో లేదో చెప్పదు. ఫైర్‌ఫాక్స్‌లోనూ, ఆండ్రాయిడ్‌లోనూ తెలుగు నియమాలు ఉన్నాయి. మిగతా చోట్ల పరీక్షించి చూడాల్సిందే.

పరీక్ష ఇలా. జావాస్క్రిప్ట్‌తో తెరకు కనిపించని ఒక డివ్ చేయండి. లాంగ్ తెలుగు, ఫాంటు 16 పిక్సెళ్లు, వెడల్పు 5 ఈఎం, ఓవర్‌ఫ్లో-ర్యాప్ నార్మల్ పెట్టండి. లోపల ఖాళీలు లేని ఒక పొడవాటి తెలుగు పదం ఉంచండి. హైఫెన్స్ మాన్యువల్‌గా ఉన్నప్పుడు ఎత్తు కొలవండి, ఆటో చేసి మళ్లీ కొలవండి. ఎత్తు పెరిగితే నియమాలు ఉన్నాయి. మారకపోతే లేవు. ఫాంటు లోడ్ కాకముందే కొలిస్తే తప్పుడు ఫలితం రావచ్చు, కాబట్టి లోడ్ అయ్యాకే కొలవండి.

లేవని తేలిన బ్రౌజర్లకు రెండు దారులు. ఒకటి, హైఫెనోపాలీ లాంటి జావాస్క్రిప్ట్ లైబ్రరీ. అది తెలుగు నమూనాలను తెచ్చుకుని పేజీలోని పదాల్లో సాఫ్ట్ హైఫెన్లు చేర్చుతుంది. రెండోది, సైటు తయారయ్యేటప్పుడే సర్వర్ వైపు అదే పని చేయడం. పేజీ బరువు, వేగం దృష్ట్యా రెండోదే మేలు, కాకపోతే 6వ అంచెలో చెప్పిన కాపీ, వెతుకులాట చిక్కులు దానికీ ఉంటాయి.

చివరగా, పేజీలను పీడీఎఫ్‌గా మార్చేవాళ్లకు. డెస్క్‌టాప్ క్రోమ్ విరుపు నియమాలను బ్రౌజర్‌తో పాటు కాకుండా విడి కాంపొనెంట్‌గా తర్వాత దించుకుంటుంది. సర్వర్ మీద తెర లేకుండా నడిచే క్రోమ్ ప్రతిసారీ కొత్త ప్రొఫైల్‌తో మొదలైతే ఆ ఫైలు ఉండదు. మీ కంప్యూటర్‌లో చక్కగా విరిగిన పేజీ, పీడీఎఫ్‌లో ఒక్క పదమూ విరగకుండా వస్తుంది. ఆ కాంపొనెంట్ దిగిన ప్రొఫైల్ ఫోల్డర్‌నే ప్రతిసారీ వాడేలా అమర్చండి. అది కుదరకపోతే పీడీఎఫ్‌కు వెళ్లే హెచ్‌టీఎంఎల్‌లో సాఫ్ట్ హైఫెన్లు ముందే చేర్చి, హైఫెన్స్ విలువను మాన్యువల్‌కు మార్చండి.